ఆయన చుట్టని మోటారు

మోటారు విప్పి లోపల చూస్తే దాన్ని ఎవరు చుట్టారో చెప్పవచ్చు. ఇది నేను కాలేజీలో చెప్పే పాఠాల్లో లేదు. ఇల్లందులో పంపు మోటార్లకు వైండింగ్ చేసే ఒక పెద్దాయన దుకాణంలో కూర్చుని నేర్చుకున్నాను. రాగితీగ చుట్టడం పూర్తయ్యాక ఆ చుట్లు కదలకుండా నూలు దారంతో కట్టేస్తారు. ఆ దారం రంగూ, చివరి ముడీ ఒక్కో మేస్త్రీది ఒక్కో రకం. ఆయనది ఆకుపచ్చ దారం. ముడి వేసి, కొసను లోపలికి దోపి, పైన వార్నిష్ పూసేవాడు. ఊళ్లో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆ ముడిని గుర్తుపట్టడం నాకు బాగా తెలుసు కాబట్టే, నేను చేసిన పని తెలియక చేశానని చెప్పుకోవడానికి వీల్లేదు.

మాది టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న తండా. మా ఇళ్లల్లో నెల జీతం తెచ్చుకున్న మొదటివాణ్ని నేనే. కాలేజీలో ఎలక్ట్రికల్ చెబుతాను, ఇల్లందులో కిరాయికి ఉంటాను. తండాకు వెళితే మంచం వాల్చి, సార్ వచ్చిండు అంటారు. నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్లు కూడా సార్ అనే పిలుస్తారు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, ఎవరైనా అలా పిలవకపోతే చురుక్కుమనేది. ముందే ఒప్పుకుంటున్నాను, జరిగినదంతా ఈ జబ్బు వల్లే జరిగింది.

డ్రోన్ తయారుచేయాలన్న ఆలోచన మాత్రం మంచిదే. నాన్న తమ్ముడు, మా కాక, మిర్చి వేస్తాడు. ఒక ఏడు తామర పురుగుకు మందు కొట్టీ కొట్టీ చేలోనే కూలిపోయాడు. దవాఖానాలో మూడు రోజులు ఉంచారు. మందు ఊపిరితిత్తులకు పట్టిందని, ఇక మందు పంపు వీపుకు తగిలించుకోవద్దని డాక్టర్ చెప్పాడు. కాక సరేనన్నాడు, ఇంటికొచ్చి వారం తిరక్కుండా మళ్లీ తగిలించుకున్నాడు. పురుగు ఆగుతదా అన్నాడు. మనిషి మందులో తడవకుండా తోట తడవాలి, దానికి నాకు తోచిన దారి డ్రోన్ ఒక్కటే. కొనుక్కునే స్థోమత లేదు. మోటార్ల గురించి పాఠాలు చెప్పేవాణ్ని, నేనే కట్టలేనా అనుకున్నాను.

ముందు ఫ్రేము తేల్చుకోవాలి. కిటికీలకు వాడే అల్యూమినియం పైపులు కోయించి, బోల్టులు బిగించి ఒకటి చేశాను. మంచం కోడులా బరువుగా తయారైంది. కాక దాన్ని చూసి, వెదురు కొట్టుకొచ్చి, ఆరబెట్టి, తాడుతో కట్టి ఇంకొకటి చేసిచ్చాడు. నిజం చెప్పాలంటే అది తేలికగా, ముచ్చటగా ఉంది, మోటార్లు బిగిస్తే లేచింది కూడా. కానీ వెదురుబద్దల డ్రోన్ పట్టుకుని కాలేజీకి ఎలా వెళ్లడం? బిగువు చాలదని, తడికి వంకర తిరుగుతుందని కాకకు ఏవేవో కారణాలు చెప్పి పక్కన పడేశాను. అందులో సగమే నిజం. మిగతా సగం, నలుగురూ నవ్వుతారని భయం.

చివరికి కార్బన్ ఫైబర్ ఫ్రేము తెప్పించాలనుకున్నాను. నాలుగు చేతులదా, ఆరు చేతులదా అన్నది ప్రశ్న. చేతికొక మోటారు, మోటారుకొక రెక్క. నాలుగు చేతులది మడిస్తే బండి మీద పెట్టుకుని పోవచ్చు, చూడటానికి గద్దలా ఉంటుంది. ఆరు చేతులది సాలెపురుగులా కనబడింది. మోటారు మీద ఒక అంకె ఉంటుంది, ఒక వోల్టుకు నిమిషంలో ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పేది. అంకె పెద్దదైతే వేగం, చిన్నదైతే బలం. బరువు మోసేవాటికి చిన్న అంకె మోటారూ, పొడవాటి రెక్కా కావాలి. అవి సరిగ్గానే ఎంచుకున్నాను. ఫ్రేము మాత్రం కళ్లతో ఎంచుకున్నాను, నాలుగు చేతులదే.

ఉస్తాద్ దుకాణానికి నేను మొదట వెళ్లింది నా తెలివితక్కువ వల్లే. మోటారును ఫ్రేముకు బిగించే స్క్రూలు కాస్త పొడవైనవి వాడాను. ఒకటి లోపలికి దూసుకుపోయి రాగితీగ పూత గీరింది. మోటారు గీపెట్టి ఆగిపోయింది. ఇంత చిన్న మోటారు ఎవరు చుడతారని ఊరంతా అడిగితే అందరూ ఆయన పేరే చెప్పారు. బస్టాండు వెనక సందులో ఇరుకు దుకాణం. గోడకు పాత స్టార్టర్లు, కింద విప్పిన పంపుల గుట్టలు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, డ్రోన్ మోటారును గవ్వలా అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు. పై గిన్నె ఊడదీసి, గీత పడిన చోటు గోటితో చూపించాడు. స్క్రూ పొడుగైందని మాత్రం అన్నాడు. లెక్చరర్‌వయ్యుండి ఇంతమాత్రం తెలియదా అని అనలేదు. అంటే బాగుండేదేమో.

ఆ మోటారును ఆయన ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చుట్టాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని చూశాను. చుట్లు పెదాలతో లెక్కపెడతాడు, మధ్యలో ఎవరొచ్చి పలకరించినా బదులివ్వడు. ఒక చుట్టు అటూఇటూ అయిందనిపిస్తే మొత్తం విప్పేసి మొదటినుంచి చుడతాడు. వేలెడు లేని మోటారుకు కూడా తీగలు బయటికొచ్చే చోట ఆకుపచ్చ దారం కట్టాడు. తన పనికి అది మొహర్, అంటే ముద్ర, అన్నాడు.

ఆ దుకాణంలో ఇంకో పద్ధతి ఉండేది. తను చుట్టిన మోటారు ఏడాది లోపు కాలిందని ఎవరు తెచ్చినా, ఎందుకు కాలిందని అడక్కుండా మళ్లీ చుట్టి ఇచ్చేవాడు. నీళ్లు పోయాయా, ఒక ఫేజు కరెంటు పోతే చూసుకోలేదా అని వాదించేవాడు కాదు. మా తండాతో సహా చుట్టుపక్కల ఊళ్ల పంపులన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. రైతులకు ఆయన మాట మీద అంత గురి. ఆయనకు ఉన్నదీ ఆ పేరొక్కటే.

డ్రోన్ తయారయ్యాక మొదట ఉస్తాద్‌కే చూపించాను. ఊరి బయట ఖాళీ స్థలంలో, టాంకులో రెండు లీటర్ల నీళ్లు పోసి ఎగరేశాను. దిగాక ఆయన ఒక్కో మోటారు మీదా బొటనవేలు ఆనించి లెక్కపెట్టాడు. పది దాకా వేలు ఉంచగలిగితే మోటారు సుఖంగా ఉన్నట్టు. నాలుగింటి మీదా పది దాటాడు. తర్వాత టాంకు ఎంత పడుతుందని అడిగాడు. ఐదు లీటర్లు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, అంత పోస్తే ఈ నాలుగూ మోయలేవని, ఆరు చేతుల ఫ్రేము తెచ్చుకోమని చెప్పాడు.

నాకూ తెలుసు. ఆ లెక్క నేను ప్రతి ఏడూ నల్లబోర్డు మీద రాస్తాను. ఒక్కో మోటారు పూర్తి బలంతో నాలుగు కిలోలు ఎత్తుతుంది, నాలుగూ కలిసి పదహారు. గాల్లో నిలకడగా ఉండాలంటే అందులో సగం, ఎనిమిది కిలోలు దాటకూడదు. డ్రోనే ఆరు కిలోలు. ఇక మిగిలింది రెండు లీటర్లు. అందుకే టాంకు మీద రెండు లీటర్ల దగ్గర ఎర్ర మార్కర్‌తో గీత గీశాను. ఆయనకు మాత్రం, చూద్దాం ఉస్తాద్ అని నవ్వి వచ్చేశాను. బడి ముఖం చూడని మనిషి నా ఫ్రేముకు వంక పెట్టడం మనసులో ఎక్కడో గుచ్చుకుంది.

మిర్చి పూత మీద ఉన్నప్పుడు ఒక ఆదివారం డ్రోన్ తండాకు తీసుకెళ్లాను. అడవి హద్దుకు దూరంగా ఉన్న కాక చేను ఎంచుకున్నాను. ఆ రోజు మందు కలపలేదు, ఉత్త నీళ్లే. చూడటానికి పది పన్నెండు మంది గట్టు మీదికి చేరారు. ఎర్ర గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టబోతుంటే కాక వంగి చూశాడు. తండాలో మేం మాట్లాడుకునేది మా భాషే, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"గింతేనా సార్? నా పంపుల పదహారు లీటర్లు పడతది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే. అంతకంటే ఏమీ జరగలేదు. ఎవరూ నన్ను ఎగతాళి చేయలేదు, ఎవరూ పందెం కాయలేదు. కాక నవ్వుతూ అన్న మాటకు చెవులు వేడెక్కి, బిందె వంచి టాంకు అంచు దాకా నీళ్లు పోశాను. ఐదు లీటర్లు. పోస్తున్నప్పుడు ఎర్ర గీత నీళ్ల కింద మునగడం చూశాను. చూస్తూనే పోశాను.

లేచింది. లేవడం కష్టమైంది, గొంతు మారింది, కానీ లేచింది. గట్టు మీద చప్పట్లు కొట్టారు. ఒక సాలు పొడవునా నీళ్లు చల్లింది, తిరిగి రెండో సాలు పట్టింది. అక్కడ ముందు చేతి నుంచి సన్నగా పొగ వచ్చింది. నేను దించబోయేలోపే ఒక పక్కకు ఒరిగి, గిరగిరా తిరిగి మిర్చి చెట్ల మీద పడింది. ఒక చేయి విరిగింది, టాంకు పగిలింది. కాక నుంచి నాలుగడుగుల దూరం. ఆయన మీద పడి ఉంటే అన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఇంటికెళ్లి చొక్కా విప్పుతున్నప్పుడు వచ్చింది.

అప్పుడు నాకు కనిపించినవి గట్టు మీది మొహాలే. అందరూ నా వైపే చూస్తున్నారు. కాక వచ్చి ఏమైందని అడిగాడు.

ఫ్రేము చేతులకు నేను ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేసుకున్నాను. ఉస్తాద్ చుట్టిన మోటారు మూడో చేతి మీద ఉంది. కాలింది ఒకటో చేతిది. దాన్ని ఆయన తాకనైనా లేదు, డబ్బాలో వచ్చింది వచ్చినట్టే బిగించాను. ఇదంతా తెలిసి, ఆ నల్లబడిన మోటారును చేత్తో పట్టుకుని చెప్పాను.

"మోటారు కాలింది, కాక. గా మోటారు ఉస్తాద్ చుట్టింది."

గట్టు మీద వాళ్లంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. అదా సంగతి, మరి సార్ తప్పు లేదన్న మాట అనుకున్నారు. నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి కూడా సిగ్గేస్తోంది. ఆ రాత్రి కాక ఇంట్లో నేను కడుపునిండా తిన్నాను.

మా వాళ్లలో ఒకడికి అన్యాయం జరిగితే నలుగురం కలిసి వెళ్లి అడగడం అలవాటు. పెళ్లి తగువుకైనా, గట్టు తగువుకైనా అంతే. మర్నాడు పొద్దున్నే కాక, ఇంకో ఇద్దరు పెద్దలు తయారై కూర్చున్నారు. ఎందుకులే కాక, పోనీ అన్నాను. కాక వినలేదు. మా పిల్లగాడి పరువు పోయిందన్నాడు. వద్దని గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఒక్క కారణమే ఉంది. అది చెప్పలేక వాళ్లతోపాటు బండెక్కాను.

దుకాణంలో అప్పుడు ఇంకో ఊరి రైతులు ఇద్దరు పంపు కోసం ఎదురుచూస్తున్నారు. కాక కాలిన మోటారు తీసి బల్ల మీద పెట్టాడు. నీ చుట్టుడు సక్కగ లేక మా సార్ డ్రోన్ పడ్డదన్నాడు. ఉస్తాద్ కళ్లద్దాలు దించుకున్నాడు. పై గిన్నె ఊడదీశాడు. నాకు నిల్చున్న చోటి నుంచే కనిపించింది. లోపల తీగలన్నీ ఒకే తీరుగా మాడి ఉన్నాయి. ఎక్కడా దారం లేదు, ముడి లేదు. తన చెయ్యి పడని మోటారు అది. ఎక్కువ బరువు మోసి కాలిన మోటారు అది. ఆ రెండు సంగతులూ తెలుసుకోవడానికి ఆయనకు రెప్పపాటు కంటే ఎక్కువ పట్టి ఉండదు.

తలెత్తి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పేసుకోలేదు. తిప్పుకుని ఉంటే కనీసం సిగ్గుపడ్డానని ఆయనకు తెలిసేది. ఆయన నోట్లోంచి వచ్చే మాటకు భయపడి, అలాగే ఆయన కళ్లల్లోకి చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు చెప్పేస్తాడు, అయిపోయింది అనుకున్నాను.

"అవ్. నా చుట్టుడే తప్పైంది. నాలుగు రోజులాగి రాండ్రి, మల్ల చుట్టిస్త."

కాకకు కోపం ఇంకా ఎక్కువైంది. కండ్లు కనిపించకుంటే దుకాణం బంద్ చేస్కోవాలె గని, జనాల నెత్తి మీద పడేస్తవా అన్నాడు. పక్కన ఎదురుచూస్తున్న రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉస్తాద్ మోటారును గుడ్డలో చుట్టి, బల్ల కింద పెట్టాడు. అప్పుడు కూడా నేను మాట్లాడొచ్చు. ఒక్క మాట చాలు. నోరు పెగల్లేదు అనడం సుళువు. అది నిజం కాదు, నా నోటికి ఏమీ కాలేదు. నేనే తెరవలేదు.

నాలుగు రోజుల తర్వాత ఒక్కణ్నే వెళ్లాను. తిడతాడని, దులిపేస్తాడని ఆశపడ్డాను. ఆయన మోటారు చేతికిచ్చాడు. లోపల ఆకుపచ్చ దారం, లోపలికి దోపిన ముడి. నీళ్ల బరువు తగ్గించుకోమని, లేకపోతే ఆరు చేతులది తెచ్చుకోమని మళ్లీ అదే సలహా చెప్పాడు. నేను తలూపి బయటికొచ్చాను. క్షమించమని అడగడానికే వెళ్లాను నిజానికి. వెనక్కి వస్తూ, ఆయన ఆ సంగతి ఎత్తలేదు కదా, నేనెందుకు ఎత్తడం అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఆరు చేతుల ఫ్రేము తెప్పించాను. సాలెపురుగులాగే ఉంది, ఎవరూ నవ్వలేదు. ఆరు మోటార్లలో రెండు ఆయన చుట్టినవే. పడిన రోజు ఆ బరువుకు మిగతావన్నీ కమిలినా, మూడో చేతి మీద ఉన్న ఆయన మోటారుకు ఏమీ కాలేదు. కొత్త డ్రోన్ నాలుగు లీటర్లు మోసి, చేనంతా తడిపింది. కాక వీపు మీద పంపు దిగింది. కాక భార్య, మా చిన్నమ్మ, నాకు పాయసం చేసి పెట్టింది. ఆ ముసలాయన్ని ఇడిసినంకనే మంచిగైంది అని కాక అందరికీ చెప్పేవాడు. తండాలో కాలిన పంపులు ఇల్లందు కాకుండా వేరే ఊరు పోవడం మొదలైంది. ఆ రోజు దుకాణంలో ఉన్న రైతుల ఊరి నుంచి కూడా రావడం తగ్గిందని తర్వాత తెలిసింది. దుకాణం ముందు నుంచి వెళ్లాల్సి వస్తే నేను వెనక సందు పట్టేవాణ్ని.

ఒకరోజు చేనులో ఇద్దరమే ఉన్నప్పుడు కాకకు చెప్పాను. ఆ మోటారు ఆయన చుట్టింది కాదు, తప్పు నాది అన్నాను. ఎంతో కష్టపడి కూడగట్టుకున్న ధైర్యం అది. కాక నా మొహంలోకి చూసి నవ్వాడు. నా భుజం మీద చెయ్యేశాడు.

"నీది మెత్తటి మనసు బిడ్డా. ముసలోని మీద జాలితోని తప్పు నువ్వు మీదేసుకుంటున్నవ్."

కాదు కాకా అన్నాను. నాకు తెల్వదా నీ సంగతి అన్నాడు. సాయంత్రానికి ఆ మాట తండాలో నలుగురికీ తెలిసి, సార్ ఎంత మంచోడో అనుకున్నారు. అబద్ధం చెప్పినప్పుడు ఒక్కరూ మారు మాట అడగలేదు. నిజం చెబితే నా మంచితనం కింద జమ వేశారు. ఇంకోసారి చెప్పాల్సింది. గట్టిగా, అందరి ముందూ చెప్పాల్సింది. చెప్పలేదు. ఒకసారి చెప్పాను కదా, నమ్మకపోతే నేనేం చేయను అని ఒక నెల హాయిగా గడిపేశాను.

మిర్చి ఏరే రోజుల్లో, వాగు ఒడ్డున పెట్టిన కాక పంపు కాలిపోయింది. వేరే ఊళ్లో చుట్టించి నెల కూడా కాలేదు. కాక తల పట్టుకున్నాడు. నేను చేయించుకొస్తానని మోటారు బండి వెనక కట్టుకుని ఇల్లందు బయల్దేరాను. ఎక్కడికో కాకకు చెప్పలేదు. పంపు బాగై ఆర్నెల్లు నడిచాక, ఇది ఉస్తాద్ చుట్టిందే అని చెప్పొచ్చు, అప్పుడు ఆయన పేరు దానంతటదే నిలబడుతుంది, నేను నలుగురిలో నిలబడి ఏమీ చెప్పనక్కర్లేదు. దారి పొడవునా ఈ పథకం నాకు చాలా తెలివైనదిగా తోచింది.

ఉస్తాద్ దుకాణంలో ఎవరూ లేరు. కింద పంపుల గుట్టలు ఉండే చోట నేల కనిపిస్తోంది. కాక పంపు అని చెప్పగానే ఆయన లేచి మోటారు దగ్గరికి వచ్చాడు. ముట్టుకోకుండా నిలబడి అడిగాడు.

"వాళ్లు పంపిండ్రా, నువ్వే తెచ్చినవా?"

వాళ్లే పంపారు అనడానికి నోట్లో మాట సిద్ధంగా ఉంది. ఎందుకో అనలేకపోయాను. నేనే తెచ్చిన అన్నాను. ఆయన వెనక్కి వెళ్లి తన స్టూలు మీద కూర్చున్నాడు.

"అయితే తీస్కపో సార్. వాళ్లు తెస్తే చేస్త."

ఇక దాచి లాభం లేదు. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను, క్షమించండి అన్నాను. ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను. ఆయన చేతిలో దారపు ఉండను తిప్పాడు.

"నీ ఊరోళ్ల నడుమ నీ మొఖం జూసిన. పెద్ద సదువు సదివినోడు, తల దించుకుంటే మల్ల ఎట్ల లేపుతడు అనుకున్న. నువ్వే తర్వాత చెప్తవనుకున్న సార్."

చెబుతాను ఉస్తాద్ అన్నాను. ఆ మాట ఈడ చెప్పుడెందుకు అన్నాడు. కోపంగా అనలేదు. మోటారును బండి మీదికి ఎక్కించడానికి లేచి ఒక చెయ్యి వేశాడు.

టేకులపల్లి దాటేసరికి పొద్దు వాలింది. కల్లంలో ఆరేసిన మిర్చి చుట్టూ కాక, మరో ఆరేడుగురు కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. మోటారు అలాగే తిరిగి రావడం చూసి చెయ్యలేదా అని కాక అడిగాడు. ఉస్తాద్ చెయ్యనన్నడు అని చెప్పాను. ఆయన దగ్గరికెందుకు పోయినవ్ అన్నాడు. బండి దిగకుండానే చెప్పడం మొదలుపెట్టాను, మళ్లీ దిగి చెప్పాను. కాలిన మోటారు ఆయన చుట్టింది కాదని, ఎర్ర గీత దాటి నీళ్లు పోసింది నేనేనని, మీరు నవ్వుతారని భయపడి ఆయన పేరు చెప్పానని. మళ్లీ అదే జాలి మాట అని ఎవరో అన్నారు. జాలి కాదు, అబద్ధం చెప్పిన అన్నాను. గొంతు పెద్దదైంది. మిర్చి ఏరే చేతులు ఆగాయి.

కాక చేతిలోని మిరపకాయ కింద పెట్టి అడిగాడు.

"మరి ఆయనెందుకు ఒప్పుకున్నడు?"

"మీ ముందట నేను చిన్నగ కావొద్దని."

"నేను ఆయన్ను కండ్లు కనిపిస్తలేవా అన్న."

"అన్నవ్ కాక."

"నువ్వు నా పక్కకే ఉన్నవ్."

ఉన్నాను అన్నాను. నన్ను తిట్టినవాళ్లు లేరు. కాక లేచి, చేతులకంటిన మిర్చి ఘాటు లుంగీకి తుడుచుకుని, బండి దగ్గరికి వచ్చి తాడు విప్పాడు.

"రేపు పొద్దుగాల నేనే తీస్కపోత. నువ్వు రాకు."

ఆయన ఊపిరితిత్తుల సంగతి తెలుసు కాబట్టి మోటారు రెండో వైపు పట్టుకోబోయాను. కాక నా చేతిని పక్కకు జరిపాడు. ఒక్కడే దాన్ని రొమ్ముకు ఆనించి ఎత్తుకుని, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ ఇంటి వైపు నడిచాడు.